కాళ్ళమీది సాలెగూటి సిరలు – విటమినుల పాత్ర

దోమకొండ, బీబీపేట, భిక్నూరు ప్రాంతములలో పగటివేళ ఏ వాడకు పోయినను, ఒడిలో చాట నుంచుకొని తునికాకుతో బీడీలు చుట్టుచున్న స్త్రీలు అరుగులపై కనబడుదురు. పూర్వపు నిజామాబాదు జిల్లాలోను, 2016లో దానినుండి వేరుపడిన కామారెడ్డి జిల్లాలోను ఈ పని ఎన్నో కుటుంబములకు జీవనాధారము. గంటల తరబడి మఠము వేసికొని కదలక కూర్చుండుట దీని స్వభావము. దినమంతయు దుకాణములలో నిలుచువారి కాళ్ళకును ఇట్టి శ్రమయే. వీరిలో కొందరి తొడలమీదను, పిక్కలమీదను, చీలమండలచుట్టును ఎఱ్ఱని, నీలి సన్నని గీతలు సాలెగూడువలె అల్లుకొనును. "నరాలు తేలినవి" అని ఊరివారందురు. విటమిను మాత్రలు మింగినచో ఇవి రావను మాటయు వినబడుచుండును. ఇందులో నిజమెంత, పంచాయతీలు చేయదగినదేమి అను విషయములను ఇచ్చట వివరింతుము.

ఇవి నిజమునకు నరములు కావు, సిరలు; అనగా కాళ్ళకు వచ్చిన రక్తమును తిరిగి గుండెకు కొనిపోవు నాళములు. నీరు పల్లమునకు పాఱునట్లు రక్తమును క్రిందికే దిగజూచును. దానిని ఆపుటకు సిరలలోపల చిన్న కవాటములున్నవి. మనము నడచునపుడు పిక్క కండరములు సిరలను నొక్కి, మోట నీటిని తోడినట్లు రక్తమును పైకి తోడును. కదలక కూర్చున్నను, నిలుచున్నను ఈ మోట ఆగినట్లే. కవాటములు సడలినచో రక్తము నిలిచి సిర ఉబ్బును. వంశపారంపర్యము, వయస్సు, గర్భధారణ, స్థూలకాయము ఇందుకు తోడగును. చర్మములోని సన్ననాళములు వెడల్పైనచో సాలెగూటి గీతలు, పెద్ద సిరలు ఉబ్బినచో మెలికలు తిరిగిన త్రాళ్ళవంటివి కనబడును.

సి విటమినునకు రక్తనాళములతో సంబంధమున్నమాట నిజమే. నాళముల గోడలకు బలమిచ్చు కొల్లాజెన్ అను పదార్థము తయారగుటకు అది అవసరము. అది బొత్తిగా లోపించినచో స్కర్వీ వ్యాధి వచ్చి చిగుళ్ళు రక్తమోడును, చర్మము క్రింది సన్ననాళములు చిట్లును. 1747లో జేమ్స్ లిండ్ అను ఓడ వైద్యుడు ఈ వ్యాధి సోకిన 12 మంది నావికులకు ఇద్దరిద్దరికొక పదార్థము చొప్పున ఇచ్చి చూడగా, నారింజలు, నిమ్మపండ్లు తిన్న ఇద్దరు అందరికన్న త్వరగా కోలుకొనిరి. అంతమాత్రమున ఎంత ఎక్కువ మింగిన సిరలంత గట్టిపడునని తలపరాదు. లోపమును తీర్చుట వేరు, సడలిన కవాటమును బిగించుట వేరు. సి గాని, ఇ గాని, కె గాని మాత్రలరూపమున సాలెగూటి సిరలను రాకుండ ఆపునని రుజువు కాలేదు. పైగా ఇ విటమిను మితిమీరినచో రక్తస్రావమునకు అవకాశము హెచ్చును. రక్తము గడ్డకట్టకుండ మందు వాడుచున్నవారు వైద్యునడుగక కె విటమిను మింగుట ప్రమాదకరము. వేలకొలది బీడీలు చుట్టి తెచ్చుకొన్న కూలి ఇట్టి సీసాల పాలగుట మాకు సమ్మతము కాదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణము ననుసరించి స్త్రీకి దినమునకు కావలసిన సి విటమిను 65 మిల్లీగ్రాములు. ఒక మంచి జామపండు దీనికి చాలును. ఉసిరికాయ ఇంకను మిన్న. అన్నముతోపాటు వీటిని తిన్నచో ఆకుకూరలలోని ఇనుము దేహమునకు బాగుగ పట్టును. రక్తహీనతగల స్త్రీలకిది చిన్న లాభము కాదు.

సిరలకు ముఖ్యముగా కావలసినది కదలిక. గంటకొకసారి చాట ప్రక్కన బెట్టి లేచి నాలుగడుగులు నడువవలెను. కూర్చున్నచోటనే కాళ్ళు చాచి పాదములను పైకి, క్రిందికి ఆడించినను మేలే. రాత్రి పరుండునపుడు కాళ్ళక్రింద దిండు పెట్టి, గుండెకన్న ఎత్తున కొంతసేపు ఉంచవలెను. బిగుతు మేజోళ్ళు వైద్యుని సలహాపై వాడవచ్చును.

సన్నని గీతలవలన ప్రాణభయము లేదు. కాని చీలమండవద్ద చర్మము నల్లబడి దురద పుట్టినను, పుండు పడి మానకున్నను ఆకుపసరులతో కాలయాపన చేయక ప్రభుత్వ ఆసుపత్రికి పోవలెను. ఉబ్బిన సిర పగిలి రక్తము చిమ్మినచో రోగిని వెంటనే పరుండబెట్టి, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో గాయముమీదనే గట్టిగా అదిమిపట్టవలెను. గాయమునకు పైన త్రాటితో బిగించి కట్టుట పలువురు చేయు పొరపాటు. దానివలన సిరలో రక్తము మరింత నిలిచి స్రావము హెచ్చవచ్చును. ఒక కాలు మాత్రము హఠాత్తుగా వాచి, వేడెక్కి, నొప్పిపుట్టినచో లోపలి సిరలో రక్తము గడ్డకట్టియుండవచ్చును. అట్టి కాలిని మర్దనచేయరాదు. గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరినచో ప్రాణాపాయము. 108కి కబురుచేయుట ఉత్తమము. ఈ రెండు సంగతులను గ్రామసభలో ఒకసారి చదివి వినిపింపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.

పంచాయతీ నర్సరీలలో నీడచెట్లతోపాటు జామ, ఉసిరి మొక్కలు పెంచి, బడి ఆవరణలోను, బీడీ పనివారి వాడలలోను తొలకరి వానలకు నాటింపవచ్చును. అంటుజామ రెండు మూడేండ్లలో కాపునకు వచ్చును. ఉసిరికి మాత్రము ఇంకొంత ఓపిక కావలెను; అదియు ఒంటరిగా నాటిన సరిగా కాయదు గనుక, వేర్వేరు రకముల అంట్లు రెండైనను దగ్గరదగ్గరగా నాటవలెను.