మణుగనగా నెంత?

తూనిక పేరు విన్నంతమాత్రమున బరువు తెలిసినట్లు కాదు. పూర్వము మదరాసు రాజధానిలోని తెలుగు జిల్లాలలో 3 తులములు 1 పలము, 40 పలములు 1 వీశె, 8 వీశెలు 1 మణుగు. అనగా 960 తులములు. రైల్వే మణుగో, 80 తులముల సేర్లు 40. అనగా 3,200 తులములు. తులము సుమారు 11.66 గ్రాములు గనుక మొదటిది 11.2 కిలోలు, రెండవది 37.3 కిలోలు. పేరొక్కటే, బరువున మూడింతలకు మించిన భేదము! ఇట్టి చిక్కులు తొలగించుటకే 1956లో చట్టమై, 1958 నుండి మెట్రిక్ తూనికలు క్రమముగా వచ్చినవి.

అయినను నేడు “బస్తా” యనుమాటయు నట్టిదే. బస్తాకు 1 కిలో అధికముగా పోసిన రైతు 100 బస్తాలకు ఒక క్వింటాలు ఊరక యిచ్చినవాడగును. కావున బేరమాడునపుడే “బస్తాకెన్ని కిలోలు? గోనె బరువు తీసియా, కలిపియా?” యని యడుగుడు. ఖాళీ కాటా సున్న చూపుట కన్నులార చూచి, పిమ్మటనే తూపించుడు.