పటము చదువుట



పటము చదువుట పరీక్షకొరకు మాత్రమే అనుకొనకుడి. ఇంటనున్న భూమి దస్తావేజు తీసి చూడుడి. తూర్పున ఫలానా వారి పొలము, దక్షిణమున గెడ్డ, పడమట డొంక, ఉత్తరమున గట్టు అని నాలుగు హద్దులు వ్రాసియుండును. ఈ దిక్కులే పటమునకు ఓనమాలు.

దిక్కులు: సాధారణముగా పటమునకు పైభాగము ఉత్తరము, కుడివైపు తూర్పు. తూర్పు దక్షిణముల నడిమి మూల ఆగ్నేయము, దాని కెదురుమూల వాయవ్యము. రావికమతమునకు వాయవ్యమున తూర్పు కనుమలు, ఆగ్నేయమున బంగాళాఖాతము ఉన్నవి. మూడువైపుల నేల గల సముద్రభాగము అఖాతము; మూడువైపుల నీరు గల నేల ద్వీపకల్పము.

స్కేలు: ఇది పటముమీది దూరమునకును నేలమీది దూరమునకును గల నిష్పత్తి. 1:50,000 అనగా పటముపై 1 సెంటీమీటరు నేలపై 500 మీటర్లు. 1767లో ఏర్పడిన భారత సర్వే శాఖవారి పటములలో ఈ కొలతవి ప్రసిద్ధములు.

చిహ్నములు: ఆ పటములలో నీరు నీలము, అడవి ఆకుపచ్చ, సాగుభూమి పసుపు. గోధుమరంగు గీతలు సమోన్నత రేఖలు. ఇవి సమానమైన ఎత్తు గల స్థలములను కలుపును. గీతలు దగ్గరగానున్నచోట కొండ నిటారుగా ఉండును.

అక్షాంశము, రేఖాంశము: భూమధ్యరేఖనుండి ఉత్తర దక్షిణములకు లెక్కించునది అక్షాంశము, గ్రీనిచ్ నుండి తూర్పు పడమరలకు లెక్కించునది రేఖాంశము. మన కాలమానమునకు ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశము మనకు పడమటగా, కొలది దూరముననే పోవుచున్నది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగును గనుక మన గడియారము గ్రీనిచ్ కంటె అయిదున్నర గంటలు ముందుండును.

సంవత్సరము: పటము ఎప్పటిదో చూడవలెను. అనకాపల్లి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినది. అంతకు ముందరి పటములలో మన ఊరు విశాఖపట్నము జిల్లాలో కనబడును.

గట్టు తగాదాతో అన్నదమ్ములు మాటలాడుకొనని ఇండ్లను మేము ఎరుగుదుము. హద్దురాతిని గూర్చిన హెచ్చరిక సామెతల గ్రంథము 22:28లో కలదు. అయితే హద్దు ఎక్కడనున్నదో తెలిసినగదా దానిని మన్నించుట! పటము చదువలేనివాడు ఇతరులు చూపినచోట వేలిముద్ర వేయును. చదువగలవాడు నిలిచి ప్రశ్నించును, తన పొరుగువాని గట్టునుకూడ కాపాడును.

ఈ నెల అభ్యాసము: మీ వీధి పటమును గీయుడి. ఉత్తరపు బాణము, స్కేలు, చిహ్నముల పట్టిక మరువకుడి. పిమ్మట ఇంటి పెద్దలకు దస్తావేజులోని నాలుగు హద్దులను చదివి వినిపించి, వారితోకూడ పొలమునకు వెళ్లి ఒక్కొక్కటి చూచి రండి.