రొయ్యకు కాదు, పండుగప్పకు

నెల్లూరు

అమ్ములూ,

నువ్వు పంపిన పరిశోధన ప్రతిపాదన నిదానంగా చదివాను. విబ్రియో పారాహీమోలిటికస్ బయటి పొరలోని ఒక ప్రొటీన్ ఆకారం తేల్చి, దాంతో వనామీ రొయ్యకు టీకా తయారుచేస్తానని రాశావు. విబ్రియో పచ్చ కాలనీలు పెరిగాయని ల్యాబు వాళ్లు చెప్పగానే మీ నాన్న రొయ్యలు సైజుకు రాకుండానే గుంటలు పట్టించేసిన బాధ ఆ కాగితాల్లో నాకు కనబడుతూనే ఉంది. ఆ బాధ నిన్ను ఈ పనిలోకి లాగినందుకు సంతోషం. కానీ రొయ్య టీకా అన్న మాట అలాగే ఉంచి గైడ్ ముందు కూర్చోవద్దు తల్లీ.

రొయ్య ఒంట్లో యాంటీబాడీలు పుట్టవు. మనిషికి, కోడికి, చేపకు ఉన్నట్టు ఫలానా సూక్ష్మజీవి ప్రొటీన్‌ను గుర్తుపెట్టుకుని, అది మళ్లీ వచ్చినప్పుడు దానికి సరిపోయే యాంటీబాడీని విడుదల చేసే కణాలు దానికి లేవు. ఉన్నదల్లా పుట్టుకతో వచ్చిన కాపుదలే. రక్తకణాలు క్రిమిని మింగుతాయి, గాయం దగ్గర మెలనిన్ నల్లగా గట్టిపడుతుంది. చచ్చిన బాక్టీరియాను మేతలో పెడితే కొన్నాళ్లు తట్టుకునే శక్తి పెరిగిందని చూపిన ప్రయోగాలు ఉన్నాయి. అది ఏ దారిన వస్తుంది, ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నది ఇంకా వాదనలోనే ఉంది. ఒక ప్రొటీన్ అణువుల అమరిక అంత కష్టపడి తేల్చేది యాంటీబాడీ ఎక్కడ పట్టుకుంటుందో తెలుసుకోవడానికి. యాంటీబాడీయే లేని జీవికి ఆ శ్రమ ఎందుకు?

అందుకే జీవిని మార్చు. పండుగప్ప చేపను తీసుకో. అదీ మన ఉప్పునీళ్లలో పెరిగేదే, రొయ్యలు నష్టం తెచ్చిన గుంటల్లో కొందరు దాన్ని వేస్తున్నారు కూడా. చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ సీబా దాని పిల్లలను హేచరీలో పుట్టించే పద్ధతి ఎప్పుడో సాధించింది, నోడా వైరస్ మీద టీకా కూడా తయారుచేసింది. పండుగప్పను బాగా ఇబ్బంది పెట్టే బాక్టీరియా విబ్రియో హార్వేయి. రాత్రిపూట హేచరీ తొట్లలో నీళ్లు మెరిసేలా చేసి రొయ్య పిల్లలను చంపేది కూడా అదే. కాబట్టి నువ్వు మన గుంటలను వదిలి ఎక్కడికో పోతున్నట్టు కాదు.

నార్వే సంగతి నీకు తెలిసే ఉంటుంది. 1987లో అక్కడి సాల్మన్ పెంపకంలో దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్స్ వాడారు. టీకాలు వచ్చాక, చేప దిగుబడి ఎన్నో రెట్లు పెరుగుతున్నా, ఆ వాడకం కొద్ది ఏళ్లలోనే ఒకటి రెండు టన్నులకు దిగిపోయింది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల అవశేషాలు దొరికాయని ఐరోపా నుంచి మన కంటెయినర్లు వెనక్కి వచ్చిన రోజులు చూసిన జిల్లా మనది. యాంటీబయాటిక్స్ వాడకం తగ్గడం విలువ మనకు ఒకరు చెప్పక్కర్లేదు. అయితే ఒకటి గమనించు. ఆ నార్వే టీకాలు ఎక్కువగా ఫార్మలిన్‌తో చంపిన మొత్తం బాక్టీరియావే. ఏ ప్రొటీన్ ఆకారమూ తెలియకుండానే పనిచేశాయి. మరి నిర్మాణం చూడడం ఎందుకని గైడ్ అడుగుతాడు. అడగాలి కూడా. నీ పని అంతా ఆ ప్రశ్నకు జవాబుగా ఉండాలి.

నా జవాబు ఇది. విబ్రియోలు ఒక్క రకం కావు. పారాహీమోలిటికస్‌నే చూడు, పైనున్న చక్కెర తొడుగును బట్టి 70కి పైగా రకాలు. 1996 ఫిబ్రవరిలో కలకత్తా ఆసుపత్రుల్లో విరేచనాల రోగుల్లో ఓ3కె6 అనే రకం ఒక్కసారిగా పెరిగి, ఆ తర్వాత ప్రపంచమంతా పాకింది. ఒక రకాన్ని చంపి చేసిన టీకా పక్క రకం దగ్గర తేలిపోవచ్చు. అన్ని రకాల్లోనూ మారకుండా ఉండి, పైకి కనబడే చోటు ఏదో తెలిస్తే అప్పుడు విశాలంగా పనిచేసే టీకా గురించి మాట్లాడవచ్చు. ఆ చోటు తెలియాలంటే ఆకారం తెలియాలి.

ఇక్కడే అసలు చిక్కు. బయటి పొర ప్రొటీన్ గొలుసు, వెదురు బద్దలతో బుట్ట అల్లినట్టు పేటలు పేటలుగా చుట్టుకుని బీటా బ్యారెల్ అవుతుంది. ఆ బుట్ట గోడంతా కొవ్వు పొరలో దాక్కుంటుంది, యాంటీబాడీకి అందదు. లోపలి వైపు మలుపులు అందవు. అందేవి బయటికి పొడుచుకొచ్చే లూపులు మాత్రమే. బ్యారెల్ గోడ రకం నుంచి రకానికి పెద్దగా మారదు, లూపులేమో తెగ మారతాయి. పైగా వాటి చుట్టూ లైపోపాలీశాకరైడ్, దాని మీద కొన్ని రకాల్లో చక్కెర తొడుగు. కంప్యూటర్ బొమ్మలో ప్రొటీన్ ఒంటరిగా, శుభ్రంగా కనబడుతుంది. గుంట నీళ్లలో అది అలా ఉండదు.

ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రాం వచ్చాక ఆకారం వెతకడం సులువైంది, నిజమే. 2024లో రసాయన శాస్త్ర నోబెల్ కూడా ఆ దారిలోనే వచ్చింది. వాడుకో. కానీ అది ధైర్యంగా చెప్పేది గోడ గురించి. నీకు కావలసిన లూపుల దగ్గరే దాని నమ్మకపు అంకెలు చాలాసార్లు పడిపోతాయి. కంప్యూటర్ ఇచ్చిన ప్రతి మోడల్‌నూ రామచంద్రన్ ప్లాట్ మీద పెట్టి చూడు. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ వేసిన ఆ పటం లేకుండా ఇవాళ్టికీ ప్రపంచంలో ఎవరూ ప్రొటీన్ నిర్మాణాన్ని ఒప్పుకోరు. మన ఊరి నుంచి రైలెక్కితే మధ్యాహ్నానికి చేరే చోట జరిగిన పని అది. ఆ గర్వం నీకూ ఉండాలి.

ప్రొటీన్ ఎంపికకు ఒక ఉపాయం చెబుతాను. బాక్టీరియాను తినే వైరస్‌లు, అంటే ఫేజ్‌లు, బయటి నుంచే వచ్చి వాలాలి. అవి ఏ ప్రొటీన్ మీద వాలతాయో అది బతికున్న కణం మీద అందుబాటులో ఉన్నట్టే. చాలా విబ్రియో జాతులకు సోకే కేవీపీ-40 అనే ఫేజ్ ఓఎంపీ-కె అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుందని 1995లోనే జపాన్ వాళ్లు చూపించారు. నేనైతే అక్కడ మొదలుపెడతాను. అదే కుటుంబానికి చెందిన ఈ-కొలై ప్రొటీన్ టీఎస్ఎక్స్ ఆకారం 2004లోనే వచ్చింది కాబట్టి చేతిలో దారి ఉంటుంది. చిన్న ప్రొటీన్ కాబట్టి ఒంటరిగా ఉంటే క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కష్టం. స్ఫటికాలే పట్టాలి, ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌కు వెళ్లాల్సి రావచ్చు. స్ఫటికం ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. దాన్ని నమ్ముకుని మూడేళ్లు ఖాళీగా కూర్చోకుండా, టీకా వేసిన చేప సీరం పని పక్కనే నడుపు.

ఇప్పుడు నేను ఎక్కువగా పట్టుబట్టే మాట. ఈ-కొలైలో ప్రొటీన్ చేయిస్తే అది చాలాసార్లు ముద్దగా, ముడుచుకోకుండా పేరుకుంటుంది. యూరియాలో కరిగించి ఆ గొలుసునే చేపకు పొడిచి, యాంటీబాడీలు వచ్చాయని ఎలైజాలో రంగు చూపించి వ్యాసం రాసేస్తారు. ఆ యాంటీబాడీలు విప్పిన గొలుసును పడతాయి, బతికున్న విబ్రియోను పట్టకపోవచ్చు. నువ్వు డిటర్జెంట్‌లో దాన్ని తిరిగి ముడుచుకోనివ్వు. ముడుచుకుందో లేదో ఎస్‌డీఎస్ జెల్ చెబుతుంది. ఈ-కొలై ఓఎంపీ-ఏ మరిగిస్తే 35 కిలోడాల్టన్ల దగ్గర, మరిగించకపోతే 30 దగ్గర కనబడుతుంది, ముడుచుకున్న బ్యారెల్ ముందుకు పరిగెడుతుంది కాబట్టి. చాలా బ్యారెళ్లలో ఇలాంటి తేడా కనిపిస్తుంది. అది దాటాక, టీకా వేసిన పండుగప్ప సీరంను బతికున్న బాక్టీరియాకు కలిపి, ఫ్లో సైటోమీటర్‌లో అంటుకుందో లేదో చూడు. కుందేలు సీరం చాలదు, చేపదే కావాలి. ఈ రెండూ లేని ఫలితాన్ని నువ్వు నమ్మకు.

ఈ దారి పండుతుందనడానికి మెనింజైటిస్ బి టీకా ఉంది. ఆ బాక్టీరియా చక్కెర తొడుగు మన నరాల కణాల మీది చక్కెరలాంటిదే కాబట్టి తొడుగుతో టీకా కుదరలేదు. పోర్-ఏ ప్రొటీన్‌తో చేస్తే లూపులు మారినచోటల్లా ఓడిపోయింది. 2000లో జన్యుక్రమం చదివి, సుమారు 350 ప్రొటీన్లు చేయించి వడకట్టారు. 2013లో ఐరోపా అనుమతించిన టీకాలో మూడు ప్రధాన ప్రొటీన్లు మిగిలాయి. అందులో మన రక్తంలోని ఫ్యాక్టర్ హెచ్‌ను పట్టుకునే ప్రొటీన్ ఆకారం తెలిశాక, 2011లో ఇటలీ వాళ్లు వేర్వేరు రకాల గుర్తులను ఒకే ప్రొటీన్ ఒంటి మీద అమర్చి చూపించారు. నువ్వు చెయ్యదగ్గ పని అదే తీరుది.

విబ్రియో రకాలు మాత్రం జీన్‌బ్యాంకులో దొరికినవి చాలవు. కండలేరు క్రీకు, మైపాడు, జువ్వలదిన్నె వైపు గుంటల నుంచి, హేచరీల నుంచి నువ్వే పట్టుకురా. మీ నాన్న పేరు చెబితే రైతులు నీళ్లు ఇస్తారు. వాళ్లకు రొయ్యల టీకా వస్తోందని మాత్రం చెప్పకు. 1994లో తెల్లమచ్చ రోగం వచ్చినప్పటి నుంచి ప్రతి సీసా మీదా ఆశ పెట్టి డబ్బులు పోసినవాళ్లు వాళ్లు. చేప మీద పని చేస్తున్నానని, ఏళ్లు పడుతుందని ఉన్నమాట చెప్పు. ఈ సంగతి మీ నాన్నకు నన్ను చెప్పమంటావేమో, వద్దు, నువ్వే చెప్పాలి.

ప్రతిపాదన మార్చాక గైడ్‌కి ఇచ్చేముందు నాకు పంపు. మొదటి జెల్ నడిపిన రోజు ఫోటో కూడా పంపు, మరిగించిన లేన్, మరిగించని లేన్ పక్కపక్కన పెట్టి.

మీ అత్త