ఆంగ్ల వాక్యమున అవ్యయ సంయోగము : పాణినీయ దృష్టితో ఒక పరిశీలన

ప్రిపొజిషన్, అడ్వర్బ్, కంజంక్షన్ అను మూడు భాషాభాగములను ఆంగ్ల వ్యాకరణములు మూడు ప్రకరణములలో చెప్పుట పరిపాటి. నామమునకు ముందు నిలుచునది మొదటిది, క్రియాదులను విశేషించునది రెండవది, వాక్యములను కూర్చునది మూడవది అని లక్షణములు. ప్రాచ్య కళాశాల విద్యార్థి అమరమును వల్లించినట్లే ఈ పట్టికలను వల్లించును. పట్టికలో కనబడని చిక్కు వాక్యమున కనబడును. 'ఆఫ్టర్' అను పదము ఏ పట్టికలోనిది?

'ఆఫ్టర్ ది మీల్' అనునపుడు అది ప్రిపొజిషన్. 'ఆఫ్టర్ హి ఏట్' అనునపుడు కంజంక్షన్. 'హి కేమ్ సూన్ ఆఫ్టర్' అనునపుడు అడ్వర్బ్. 'బిఫోర్', 'సిన్స్' అను పదములును ఇట్టివే. మూడు తావులందును 'ఆఫ్టర్' అర్థమొక్కటే, కాలమునందలి పౌర్వాపర్యము. మారినది దాని వెంట వచ్చు అంగము. మొదటిదానిలో నామము, రెండవదానిలో వాక్యము, మూడవదానిలో ఏమియు లేదు. ఇంతమాత్రమున మూడు పదములున్నవనుట కల్పనాగౌరవము.

ఈ మూడు పేర్లును ఒకే ఆధారముమీద పుట్టినవి కావు. ప్రిపొజిషన్ అనగా ముందుంచబడినది. అది స్థానమును చెప్పును. అడ్వర్బ్ అనగా క్రియను చేరినది. అది తోడును చెప్పును. కంజంక్షన్ అనగా కూర్పు. అది పనిని చెప్పును. ఒకనిని ఊరిపేరుతోను, ఒకనిని చుట్టము పేరుతోను, ఒకనిని వృత్తిపేరుతోను పిలిచినట్లున్నది. ఒక్క మనుష్యునికే ఈ మూడును ఉండవచ్చును గదా!

తెలుగును చూడుడు. 'భోజనము తరువాత', 'తిన్న తరువాత', 'తరువాత వచ్చెను'. 'ఇంటి ముందు', 'వచ్చే ముందు', 'ముందు రా'. తెలుగున మూడు 'తరువాత'లున్నవని ఎవరును చెప్పరు. పదమునకు ముందు నామము వచ్చినచో, ఔపవిభక్తికము కలదైనపుడు, 'ఇంటి' అని ఆ రూపమున వచ్చును. క్రియ వచ్చినచో 'తిన్న' అని ధాతుజ విశేషణమై వచ్చును. ఏదియు రానిచో పదము ఒంటరిగా నిలుచును. ఆంగ్లమున ఆశ్రయము పదమునకు పిమ్మట, తెలుగున ముందు. ఇది దిక్కుల భేదము. ఆంగ్లమున వెంట వచ్చు వాక్యము సమాపకక్రియతోనే నిలుచుట, తెలుగున అది విశేషణముగా మారుట రెండవ భేదము. ఇంతకు మించి భేదము లేదు.

కారేపల్లి ప్రాంతపు బడులలో ఈ సంగతి మరింత స్ఫుటమగును. ఇచటి పిల్లల ఇండ్లలో తెలుగు, కోయ, లంబాడీ భాషలు వినబడును. కోయ ద్రావిడము, లంబాడీ ఆర్యభాష. కుటుంబములు వేరైనను ఆ రెండును ఇట్టి పదములను నామమునకు పిమ్మటనే ఉంచును. కావున పిల్లలందరికిని చెప్పవలసిన మొదటి పాఠమొక్కటే, దిక్కు మార్చుట. ఊరు రైలు జంక్షను. డోర్నకల్లునుండి వచ్చు మార్గము ఇచట చీలి ఒకటి ఇల్లెందువైపును, ఒకటి భద్రాచలం రోడ్డువైపును పోవును. 'జంక్షన్', 'కంజంక్షన్' అను రెంటికిని మూలమైన లాటిన్ ధాతువు మన 'యుజ్' ధాతువునకు తోబుట్టువే. భద్రాచలం రోడ్డు స్టేషనున్నది కొత్తగూడెమున. భద్రాచలము గోదావరికి ఆవల. ఆ పేరులోని 'రోడ్డు' నామమే యైనను 'ప్రతి' అను అవ్యయము చేయు పనిని చేయుచున్నది!

ఇక పాణిని మతము. 'ప్ర' మొదలగు ప్రాదులు స్వరూపముచేత ఒక్క గణము (1-4-58). అవియే క్రియతో యోగము కలిగినపుడు ఉపసర్గలు (1-4-59), గతులు (1-4-60). ఆయా అర్థవిశేషములందు కర్మప్రవచనీయములు (1-4-83 మొదలు). 'దుఃఖమ్ అనుభవతి' అనుచోట 'అను' ఉపసర్గ. 'మేఘగర్జనమ్ అను మయూరో నృత్యతి' అనుచోట అదే 'అను' కర్మప్రవచనీయము. దానితో యోగమువలన ద్వితీయ వచ్చినది (2-3-8). సంజ్ఞ పదమునకు పుట్టుకతో రాలేదు, యోగమువలన వచ్చినది. సంజ్ఞ మారినచో కార్యమును మారును. 'సు' పూజార్థమున కర్మప్రవచనీయమైనపుడు (1-4-94) 'సుసిక్తమ్' అని సకారము నిలుచును. ఉపసర్గయైనచో 'సుషిక్తమ్' అని షత్వము వచ్చును.

ఆంగ్లమునకు దీనిని అన్వయింతము. 'హి రాన్ అప్ ది హిల్' అనగా గుట్ట యెక్కి పరుగెత్తెను. 'హి రాన్ అప్ ది బిల్' అనగా బాకీ పెంచెను. పదముల వరుస ఒకటే, యోగము వేరు. మొదటిదానిలో 'అప్' పదమునకు 'హిల్'తో యోగము, రెండవదానిలో 'రన్'తో యోగము. కార్యభేదము సర్వనామమును ఉంచినపుడు బయటపడును. గుట్ట విషయమున 'హి రాన్ అప్ ఇట్' అనవలెను. బాకీ విషయమున 'హి రాన్ ఇట్ అప్' అనియే అనవలెను. ఉపసర్గ ధాతువునకు పిమ్మట, ఎడముగా నిలుచుట మనవారికి వింత కారాదు. లోకభాషయందు ధాతువునకు ముందే ఉండవలెనని చెప్పిన పాణినియే (1-4-80), ఛందస్సునందు పిమ్మటను, వ్యవహితముగను ఉండవచ్చునని చెప్పెను (1-4-81, 82). ఉపసర్గలన్నియు ప్రిపొజిషన్లే యని కొన్ని పాశ్చాత్య సంస్కృత వ్యాకరణములు వ్రాయుటచేత ఈ సామ్యము మరుగుపడినది. ప్రిపొజిషనునకు దగ్గరివాడు కర్మప్రవచనీయము, ఉపసర్గ కాదు.

అయినను సంజ్ఞలను మూటగట్టి ఆంగ్లమునకు తరలింపరాదు. కర్మప్రవచనీయము నామమునే ఆశ్రయించును. 'ఆఫ్టర్ హి ఏట్' అనుచోటివలె పూర్ణవాక్యమును ఆశ్రయింపదు. ఆ పనికి సంస్కృతమున 'యదా-తదా' కలదు, కర్త యొక్కడేయైనచో క్త్వాప్రత్యయము కలదు. మనము గ్రహింపవలసినది సంజ్ఞను కాదు, యోగమునుబట్టి సంజ్ఞనిచ్చు పద్ధతిని. ఈ పద్ధతికి దగ్గరి మాట ఆంగ్ల వైయాకరణులలోను కలదు. డెన్మార్కు పండితుడు ఒట్టో యెస్పర్సన్ 1924లో ప్రకటించిన గ్రంథమున ఈ మూటిని ఒకే వర్గమున చేర్చెను. సకర్మకాకర్మక భేదముచేత క్రియను రెండు భాషాభాగములుగా చీల్చము గదా యని ఆయన యుక్తి. 2002లో వెలువడిన కేంబ్రిడ్జి ఆంగ్ల వ్యాకరణమును 'ఆఫ్టర్' వంటివానిని మూడు తావులందును ప్రిపొజిషన్లనియే పరిగణించినది. బోధనలోనికి మాత్రము ఇది ఇంకను రాలేదు.

ఈ పదములు ఒకదానితో నొకటి కూడునపుడు పట్టిక బొత్తిగా చాలదు. 'ది క్యాట్ కేమ్ అవుట్ ఫ్రమ్ అండర్ ది కాట్.' మూడు అవ్యయములు వరుసగా నిలిచినవి. 'ఫ్రమ్' నామమునకు ముందుండవలెనని చదివిన పిల్లవాడు ఇచట తెల్లబోవును. తెలుగున 'మంచము క్రిందినుండి బయటికి' అని వెనుకనుండి చదివినచో ముడి విడిపోవును. 'అండర్ ది కాట్' అను చోటు మొత్తము 'ఫ్రమ్' పదమునకు ఆశ్రయము, 'అవుట్' క్రియకు చేరినది.

'డిస్కస్ అబౌట్' అని మన విద్యార్థులు విస్తారముగా వ్రాయుదురు. 'గురించి చర్చించు' అను తెలుగే దీనికి కారణము. 'భూ' అకర్మకము; 'అను'తో కూడి సకర్మకమగును గనుక 'దుఃఖమ్ అనుభవతి' అందుము. 'టాక్' అకర్మకము గనుక 'అబౌట్' కావలెను; 'డిస్కస్' సకర్మకము గనుక అక్కరలేదు. ఇట్లు చెప్పినచో వైయాకరణ విద్యార్థికి రెండవమారు చెప్పనక్కరలేదు.

సంస్కృతము అడ్డువచ్చు తావులును కలవు. 'యద్యపి-తథాపి' జంటకు అలవాటుపడినవాడు 'దో ఇట్ రెయిన్డ్, బట్ హి కేమ్' అని వ్రాయును. 'దో' వచ్చినచోట 'బట్' కూడదు, 'యెట్' చెల్లును. తెలుగు 'వాన పడినను వచ్చెను' అని ఒక్క అవ్యయముతో సరిపెట్టును. ఇంతకంటె పెద్ద చిక్కు 'అంటిల్' విషయమున. 'యావత్ స నాగచ్ఛతి, తావత్ అహం న భుఞ్జే' అని రెండు చోట్లను నిషేధము చెప్పు అలవాటుచేత 'అంటిల్ హి డజ్ నాట్ కమ్, ఐ విల్ నాట్ ఈట్' అని వ్రాయుదురు. తెలుగున రెండు మార్గములును కలవు: 'అతడు వచ్చువరకు తినను', 'అతడు రానంతవరకు తినను'. మొదటిదియే 'అంటిల్'. రెండవదానికి ఆంగ్లమున 'యాజ్ లాంగ్ యాజ్ హి డజ్ నాట్ కమ్' అనవలెను. 'ది ట్రైన్ డిడ్ నాట్ లీవ్ అంటిల్ ఆఫ్టర్ టెన్' అని 'అంటిల్' పదమునకు 'ఆఫ్టర్ టెన్' ఆశ్రయమైనచో, 'పది తరువాత వరకు' అని మాటకు మాట పెట్టరాదు. 'పది దాటిన తరువాత గాని బండి కదలలేదు' అనవలెను. 'అంటిల్', 'నాట్' కలిసి చేసిన పనిని ఇచట 'గాని', 'లేదు' కలిసి చేయుచున్నవి.