‘ఎఱ్ఱ నాడా’ అనగా నేమి?

“రెడ్ టేప్ అడ్డు వచ్చినది” అను మాట సభలలోను కచేరీలలోను తరచుగా వినబడుచుండును. రెడ్ టేప్ అనగా ఎఱ్ఱని నాడా. ఇంగ్లండులో పూర్వము ప్రభుత్వపు కాగితములను, న్యాయస్థానపు కాగితములను అట్టి నాడాతో కట్టెడివారు. కట్ట విప్పినగాని కాగితము చదువ వీలులేదు; చదివినగాని ఉత్తరువు వెలువడదు. 19వ శతాబ్దమున కార్లైలు, డికెన్సు వంటి రచయితలు కార్యాలయముల జాప్యమును ఎత్తిపొడుచుటకు ఈ మాటను వాడిరి. మన దస్త్రములకును ఆ నాడాయే చుట్టబడినది గనుక మాట మనకు క్రొత్తగా తోచదు.

అయితే ప్రతి నియమమును నాడా యనరాదు. రోడ్డు పనికి ఎం.బుక్కులో కొలతలు వ్రాసిన పిదపనే బిల్లు చెల్లింతుమనుట గ్రామధనమునకు కాపలా. కొలతలు, సంతకములు అన్నియు సరిగానుండియు కాగితము ఒక బల్లపైనుండి మరియొక బల్లపైకి ఊరక తిరుగుచున్నచో, అది నాడా. కావున సభ్యులు నిందించుటకు ముందు కాగితము ఎచ్చట, ఏ కొరతచే ఆగినదో అడుగవలెను. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అడిగినచో సాధారణముగా 30 దినములలో సమాధానమీయవలెను. ఈ చట్టము పంచాయతీలకును వర్తించును. కొళాయికై ఒక ముసలమ్మ పెట్టుకొన్న అర్జీ మన బీరువాలోనే నిలిచియున్నచో, ఆ సమాధానము మన కచేరీయే చెప్పవలసియుండును.