ఆస్పిరేషనల్ అంటే వెనుకబడినదనేనా?

ప్రశ్న: ‘ది ప్రైస్ ఈజ్ కాస్ట్‌లీ’ అని రాస్తే మా సారు కొట్టేశారు. తప్పేంటి?
– ఇంటర్ విద్యార్థి, జనగామ

జవాబు: వస్తువు కాస్ట్‌లీ, ధర హై. సారు కొట్టేసింది న్యాయమే.

ప్రశ్న: మా జిల్లాను ‘ఆస్పిరేషనల్ డిస్ట్రిక్ట్’ అంటారు. అంటే బ్యాక్‌వర్డే కదా అని హైదరాబాద్ హాస్టల్లో తోటివాళ్లు అంటున్నారు. నిజమేనా? ఇంటర్వ్యూలో ‘ఐ యామ్ యాన్ ఆస్పిరేషనల్ గర్ల్’ అని చెప్పుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థిని, భూపాలపల్లి

జవాబు: చెప్పుకోవద్దమ్మా. ఎదగాలన్న పట్టుదల ఉన్న మనిషిని ఆంబిషస్ అంటారు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఆస్పిరెంట్లు. ఆస్పిరేషనల్ ఎక్కువగా లక్ష్యానికో బ్రాండుకో తగిలించే మాట. ‘ఆస్పిరేషనల్ టార్గెట్’ అంటే చేరాలని కోరుకునే లక్ష్యం, చేరి తీరతామన్న హామీ కాదు. ‘మై ఆస్పిరేషనల్ టీచర్’ అని రాసేవాళ్లూ ఉన్నారు. అక్కడ ఉండాల్సింది ఇన్‌స్పిరేషనల్.

ఇక జిల్లా సంగతి. 2018 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన ‘ఆస్పిరేషనల్ డిస్ట్రిక్ట్స్’ పథకంలో దేశం మొత్తమ్మీద 112 జిల్లాలున్నాయి. తెలంగాణ నుంచి మూడు: ఆసిఫాబాద్, భద్రాద్రి కొత్తగూడెం, మీ భూపాలపల్లి. అంతకుముందు, మీ భూపాలపల్లి కలిసి ఉన్న ఉమ్మడి వరంగల్‌కు వచ్చిన ఒక కేంద్ర నిధికి పేరులోనే ‘బ్యాక్‌వర్డ్’ ఉండేది. ఆ ముద్ర వద్దనే ఈ కొత్త మాట తెచ్చారు. ఎంపిక మాత్రం వెనుకబాటు లెక్కలు చూసే జరిగింది కాబట్టి మీ తోటివాళ్లు పూర్తిగా తప్పు చెప్పలేదు. అయినా మీరు తల దించుకోవాల్సిన పని లేదు. ‘దేనిలో వెనుక?’ అని తిరిగి అడగండి. ఆ ప్రశ్న వేసుకోకుండా ఊరికి గానీ మనిషికి గానీ ఏ విశేషణమూ అంటించకూడదన్నది నా గట్టి నమ్మకం. పథకంలోనూ ఆరోగ్యం, చదువు, సాగు–నీటి వనరులు, బ్యాంకు సేవలు, వసతులు విడివిడిగానే కొలుస్తారు. నెలనెలా ర్యాంకు ఇచ్చేది ఎక్కడున్నారని కాదు, ఎంత మెరుగయ్యారని చూసి. సింగరేణి బొగ్గు తవ్వుతున్న జిల్లా మీది, చెల్పూరులో కరెంటు పుట్టిస్తున్న జిల్లా మీది. ఊరికి డాక్టరు రాకపోతే, బడికి సారు రాకపోతే అది అందని సదుపాయం. అక్కడి మనుషుల గుణం కాదు.

కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీలిచ్చే పెద్దలకూ ఇదే చెప్తాను. ‘మా గూడెం చాలా వెనుకబడింది’ అని రాసి ఊరుకోకండి. అంగన్‌వాడీ ఎన్ని కిలోమీటర్లు, వాగు పొంగితే ఎన్ని రోజులు దారి ఉండదు, అవి రాయండి. విశేషణాన్ని పక్కన పెట్టేయడం అధికారికి తేలిక, అంకెను పెట్టలేడు.

ప్రశ్న: బోరింగ్, బోర్డ్ – ఏది ఎప్పుడు?
– టెన్త్ విద్యార్థిని, మహబూబాబాద్

జవాబు: విసుగు పుట్టించేది బోరింగ్, విసుగు పుట్టినవాళ్లు బోర్డ్. క్లాసులో లేచి ‘ఐ యామ్ బోరింగ్’ అంటే మిమ్మల్ని మీరే తిట్టుకున్నట్టు. ఇంటరెస్టింగ్, ఇంటరెస్టెడ్ కూడా అంతే.