శాసనసభ్యుని కృషి – పంచాయతీల పాత్ర

ఎన్నికలు ముగిసిన పిమ్మట శాసనసభ్యుడు మన గ్రామమునకు ఎన్నిసారులు వచ్చెను, ఏ వీధికి సిమెంటు రోడ్డు వేయించెను, ఎవరి పింఛనుకు సిఫారసు చేసెను అను లెక్కలే రచ్చబండ వద్ద ఎక్కువగా వినవచ్చుచుండును. ఆయన సభలో ఏమి అడిగెను, మంత్రి ఏమి బదులు చెప్పెను, ఆ బదులు తరువాత ఏమయ్యెను అను ప్రశ్నలు అరుదుగా వినబడును. ప్రజాప్రతినిధి చేయు కృషి రెండు విధములు. ఒకటి నియోజకవర్గములో చేయునది; రెండవది చట్టసభలో, ప్రభుత్వము ఎదుట చేయునది. మొదటిది కంటికి కనబడును. రెండవది అంతగా కనబడదు. కాని పెద్ద కష్టములు తీరుట సాధారణముగా దానివలననే. ఈ రెండవ పని ఫలించుటకు గ్రామ పంచాయతీ ఏమి చేయవలెనో పంచాయతీ సభ్యులకు తెలుపుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

నల్లగొండ నేర్పిన పాఠము

త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రామునకు మించి ఉండరాదనియు, వేరు ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అంగీకరింపవచ్చుననియు మన దేశపు ప్రమాణములు చెప్పుచున్నవి. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లకు గారపట్టును, కీళ్లు బిగిసిపోవును, ఎముకలు వంగి మనిషి నడువలేని స్థితికి వచ్చును. వంగిన ఎముకను తిరిగి సరిచేయు మందు లేదు. మంచినీరు ఇచ్చి రాబోవు హానిని ఆపుటయే మార్గము. మన దేశమున ఈ వ్యాధిని 1937లో అప్పటి నెల్లూరు జిల్లా గ్రామములలో గుర్తించిరి. ఆ తరువాత దీనివలన మిక్కిలి బాధపడిన ప్రాంతములలో నల్లగొండ జిల్లా ఒకటి.

1996లో జరిగిన లోకసభ ఎన్నికలలో నల్లగొండ స్థానమునకు 480 మంది అభ్యర్థులు పోటీ చేసిరి. వీరిలో అత్యధికులు గెలుపును ఆశించి నిలిచినవారు కారు. తమ నీటి కష్టమును దేశమునకు తెలుపుటకు నామినేషను పత్రమునే అర్జీగా వాడుకొనిరి. అభ్యర్థుల సంఖ్య అంత పెద్దది అగుటచే పోలింగును వాయిదా వేయవలసి వచ్చెను. ఓటు పత్రము ఒక చిన్న పుస్తకమంత అయ్యెను. ఆ ఎన్నికలో శ్రీ బొమ్మగాని ధర్మభిక్షం గారు గెలుపొందిరి.

ప్రజల గోడు ఢిల్లీ వరకు వినబడెను. అదే సంవత్సరము పార్లమెంటు ఎన్నికల చట్టమును సవరించి, లోకసభ అభ్యర్థి చెల్లింపవలసిన ధరావతును 500 రూపాయల నుండి 10,000 రూపాయలకు పెంచినది. గుర్తింపు పొందిన పార్టీ తరఫున గాక నిలుచువారిని పదిమంది ఓటర్లు ప్రతిపాదింపవలెనని కూడ నిర్ణయించినది. చట్టము మారినంత వేగముగా నీరు రాలేదు. నడుమ కొన్ని పథకములు జరిగినను, ఇంటింటికి నదీజలములు అందించు మిషన్ భగీరథ పైలానును చౌటుప్పలులో ఆవిష్కరించినది 2015 జూన్ నెలలో. అనగా ఆ ఎన్నికకు 19 సంవత్సరముల తరువాత. ఆ నడుమ పుట్టిన బిడ్డ పెరిగి పెద్దవాడగుటకు ఈ కాలము చాలును.

ఇందులో ఒక విషయము ప్రత్యేకముగా గమనింపదగినది. భూగర్భములోనే ఫ్లోరైడు ఉన్నచోట మరియొక బోరు వేయించినను తరచుగా అదే నీరు వచ్చును. కావున శాసనసభ్యుడు తన నిధులనుండి బోరు వేయించుట ఇట్టి కష్టమునకు మందు కాజాలదు. నదినుండి నీరు తెచ్చి, శుద్ధిచేసి, అనేక మండలములకు గొట్టముల ద్వారా పంపవలెను. అంతటి వ్యయమును బడ్జెటు మాత్రమే భరింపగలదు. బడ్జెటును ఆమోదించునది చట్టసభ.

నియోజకవర్గములో జరుగు పని

ప్రజాప్రతినిధి చేతిలో ఉన్న నిధి ఎంతటిదో లెక్కించి చూతము. పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంతాభివృద్ధి పథకము 1993 డిసెంబరులో ప్రారంభమైనది. 2011–12 నుండి సభ్యునికి సంవత్సరమునకు 5 కోట్ల రూపాయల చొప్పున కేటాయించిరి. కోవిడ్ వ్యాధి కారణముగా 2020–21లో పథకమును నిలిపివేసి, 2021 నవంబరులో పునరుద్ధరించిరి. ఆంధ్రప్రదేశమున 25 లోకసభ స్థానములకు 175 శాసనసభ స్థానములును, తెలంగాణమున 17 లోకసభ స్థానములకు 119 శాసనసభ స్థానములును కలవు. రెండుచోట్లను ఒక పార్లమెంటు స్థానమునకు ఏడు శాసనసభ స్థానములు వచ్చును. 5 కోట్లను ఏడు భాగములు చేసినచో ఒక్కొక్క దానికి సుమారు 71 లక్షలు. దానిని మండలములకు, మరల గ్రామములకు పంచినచో ఒక్కొక్క ఊరికి దక్కునది ఎంతయో సభ్యులే గ్రహింపగలరు.

ఈ పథకములో సభ్యుడు పనిని సిఫారసు మాత్రమే చేయును. మంజూరు చేయునది జిల్లా యంత్రాంగము. సిఫారసు అందిన 45 దినములలో మంజూరు చేయుటయో, కారణము చూపి తిరస్కరించుటయో జరుగవలెనని నియమము. నిధిలో 15 శాతము షెడ్యూల్డు కులముల వారు, 7.5 శాతము షెడ్యూల్డు తెగల వారు నివసించు ప్రాంతముల పనులకు సిఫారసు చేయవలెను. ప్రార్థనా మందిరములకు గాని, భూమి కొనుగోలుకు గాని, ఒక వ్యక్తి సొంత లాభమునకు గాని ఈ నిధి వాడరాదు. ఇది తెలియక పంచాయతీలు గుడి ప్రాకారమునకో, స్థలము కొనుటకో తీర్మానము చేసి పంపినచో ఆ కాగితము తిరిగి వచ్చును. ఒక సంవత్సరము వృథా అగును.

సభలో జరుగు పని

సభలో సభ్యునికి అధికారులను ఆజ్ఞాపించు శక్తి లేదు. ఆయనకు ఉన్నది అడుగు హక్కు. ఆ హక్కును వినియోగించుటకు మార్గములు పెక్కు కలవు.

మొదటిది ప్రశ్న. నక్షత్రపు గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో నోటితో బదులు చెప్పును. దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చును. గుర్తు లేని ప్రశ్నకు వ్రాతమూలకమైన సమాధానము వచ్చును. లోకసభలో ఒక దినమునకు మొదటి రకము ప్రశ్నలు 20, రెండవ రకము 230 మించకుండ చేర్చుదురు. వ్రాతమూలకమైన బదులు చప్పగా తోచవచ్చును. కాని ఫలానా ఊరిలో పని ఎప్పుడు ముగియునో ప్రభుత్వమే సభ ముందు వ్రాసి ఇచ్చిన పత్రమది.

రెండవది హామీల సంఘము. “పరిశీలించెదము”, “చర్య తీసికొనెదము” అని మంత్రి సభలో అన్న మాట గాలిలో కలిసిపోరాదని లోకసభలో 1953లో ప్రభుత్వ హామీల సంఘమును ఏర్పరచిరి. హామీని సాధారణముగా మూడు నెలలలో నెరవేర్చవలెను. నెరవేరని వాటిని ఈ సంఘము వెంటాడుచుండును.

మూడవది పద్దులపై చర్చ. ఒక శాఖకు డబ్బు మంజూరు చేయునపుడు, దానిలో 100 రూపాయలు తగ్గింపవలెనని సభ్యుడు కోత తీర్మానము ఇయ్యవచ్చును. నూరు రూపాయలు మిగుల్చుట దాని ఉద్దేశము కాదు. ఫలానా ప్రాంతపు ఫలానా కష్టమును ఆ శాఖ పట్టించుకొనలేదని సభ దృష్టికి తెచ్చుటయే దాని ప్రయోజనము. ఇవిగాక ప్రజాపద్దుల సంఘము, అంచనాల సంఘము మొదలగు వాటిలో సభ్యులు పార్టీ భేదము లేక కూర్చుండి ఖర్చులను పరిశీలింతురు.

ఏ సభలో ఏది అడుగవలెనో కూడ పంచాయతీలు తెలిసికొనవలెను. జాతీయ రహదారులు, రైలు మార్గములు, తపాలా, కేంద్ర పథకముల నిధులు – ఇవి పార్లమెంటు సభ్యుని ద్వారా అడుగవలసినవి. నీటి సరఫరా, స్థానిక పరిపాలన రాజ్యాంగము ప్రకారము రాష్ట్ర విషయములు. వీటికి శాసనసభయే తగిన చోటు. వీధి రోడ్డు గురించి ఢిల్లీలో అడుగుమని కోరుట పార్లమెంటు సభ్యుని కాలమును వ్యర్థపరచుటయే.

పంచాయతీ చేయవలసినది

ఇక పంచాయతీ కర్తవ్యము. మొదట మన పనిని మనము చేసికొనవలెను. రాజ్యాంగపు 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. త్రాగునీరు, గ్రామ రోడ్లు, చిన్న వంతెనలు వీటిలోనివే. 15వ ఆర్థిక సంఘము 2021–22 నుండి 2025–26 వరకు స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన గ్రాంటులో 60 శాతము త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకు ప్రత్యేకించినది. వీధి దీపము వెలుగకున్నను, మురుగు కాలువ పూడినను శాసనసభ్యుని ఇంటికి పోవుట మన అధికారమును మనమే వదులుకొనుట. ఉదయము నుండి రాత్రి వరకు ఇట్టి అర్జీలు వినుచు, పింఛనుల కొరకు, బదిలీల కొరకు ఉత్తరములు వ్రాయుచు గడపిన సభ్యునికి ప్రశ్న తయారుచేయుటకు తీరిక ఎక్కడిది?

తరువాత, మన శక్తికి మించిన పనికి తగిన ఆధారములు సమకూర్చి ఇవ్వవలెను. “మా ఊరికి నీరు లేదు, దయచేసి ఇప్పించుడు” అను అర్జీ ఆధారముగా సభ్యుడు సభలో నిలిచినచో, “వివరములు తెప్పించెదము” అను బదులే వచ్చును. కావున అర్జీతోపాటు ఈ క్రింది విషయములు ఉండవలెను.

గ్రామసభలో చర్చించి ఆమోదించిన తీర్మానము, దాని తేదీ. ఏ శివారు పల్లెలో ఎన్ని ఇండ్లకు నీరు చాలదో, ఏ నెలలలో చాలదో. ప్రతి బోరు, ప్రతి బావి నీటి పరీక్ష ఫలితము, పరీక్షించిన తేదీ. ఉన్న ట్యాంకు ఎన్ని లీటర్లు పట్టునది, ఎప్పుడు కట్టినది. క్రొత్త ట్యాంకుకు పంచాయతీ ఇయ్యగల స్థలపు సర్వే నంబరు. ఇదివరకు ఏ కార్యాలయమునకు ఏ తేదీన వ్రాసినది, వచ్చిన బదులు నకలు. 2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ మనిషికి దినమునకు 55 లీటర్ల నీరు అందవలెనని ప్రమాణము పెట్టినది. మన ఊరిలో నిజముగా అందునది ఎంతయో కొలిచి చూపినచో, ఆ రెండు అంకెల నడుమ గల వ్యత్యాసమే సభ్యుని చేతిలో బలమైన ప్రశ్న అగును.

పొరుగు గ్రామములతో కలిసి అడుగుట మరింత మేలు. ఒకే కాలువ క్రింద, ఒకే గొట్టపు మార్గములో ఉన్న పది పంచాయతీలు ఒకే విధమైన పట్టికతో వ్రాసినచో, అది ఒక ఊరి మనవిగా గాక ఒక ప్రాంతపు సమస్యగా ప్రభుత్వమునకు కనబడును.

చివరకు, పనిని వెంబడింపవలెను. సమావేశములు ముగిసిన పిమ్మట, మన ప్రాంతమును గూర్చిన ప్రశ్నకు వచ్చిన సమాధానపు నకలును సభ్యుని కార్యాలయమునుండి తెప్పించి గ్రామసభలో చదివి వినిపింపవలెను. అందులో చెప్పిన గడువును పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయవలెను. గడువు దాటినచో, ఆ సమాధానమునే ఉదహరించి సభ్యునికి మరల వ్రాయవలెను. 2005 సమాచార హక్కు చట్టము క్రింద సంబంధిత కార్యాలయమును అడిగినచో 30 దినములలో వివరము ఇయ్యవలసియుండును.

ఓటు వేసినవారు, వేయనివారు అను భేదము లేక సభ్యుడు నియోజకవర్గమున కందరికిని ప్రతినిధి. పంచాయతీ సభ్యులు కూడ పార్టీ రంగు చూడక ఆయనకు సరియైన సమాచారము అందింపవలెను. ఆయన సభలో అడిగినది, సాధించినది, సాధింపలేనిది ఏడాదికొకసారి గ్రామసభలో వివరింపుమని మర్యాదగా కోరవలెను. అట్లు లెక్క అడుగు గ్రామములు పెరిగినకొలది, సభలో అడుగు సభ్యులు కూడ పెరుగుదురు. నల్లగొండలో 480 మంది నామినేషను వేసి చెప్పవలసి వచ్చిన మాటను, తగిన సమయమున, తగిన ఆధారముతో, ఒక్క ప్రశ్నతో చెప్పించు శక్తి ప్రతి పంచాయతీకి కలదు. రాబోవు గ్రామసభ నాటికి మన ఊరి నీటి పట్టికను సిద్ధము చేయుటతో ఆ పనికి శ్రీకారము చుట్టుదురని ఆశించుచున్నాము.